మెషిన్‌లో సున్నా వస్తే బండి నడపొచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మా, మా తమ్ముడికి 23 ఏళ్లు. దావత్‌లల్ల బీర్లు తాగుతడు. గంజాయి కూడా పీలుస్తున్నడని ఈ మధ్యే తెలిసింది. మొన్న రాత్రి హసన్‌పర్తి రోడ్డు మీద పోలీసులు ఆపి ఊదిస్తే సున్నా వచ్చిందట. ఆ రోజు గంజాయి ఒక్కటే పీల్చిండు. "మెషినే ఏం లేదన్నది, నేను మంచిగనే నడుపుత" అంటున్నడు. వానికి ఏం చెప్పాలె?
- ఒక అక్క, హనుమకొండ

జవాబు: అమ్మా, ఆ మెషిన్‌కు గంజాయి కనపడదు. అది ఊపిరిలోని ఆల్కహాల్‌ను మాత్రమే పట్టుకుని, దాన్నిబట్టి రక్తంలో ఎంతుందో లెక్కగడుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్క సీసా తాగినా చాలామంది ఆ గీత దాటిపోతారు. మందు విషయంలో ఈ అంకె పనికొస్తుంది. రక్తంలో ఎక్కువుంటే మత్తూ ఎక్కువే, గంటకు దాదాపు 15 మిల్లీగ్రాముల చొప్పున దిగుతుంది.

గంజాయి అలా కాదు. పీల్చిన కొద్ది నిమిషాల్లోనే అందులోని మత్తు పదార్థం టీహెచ్‌సీ రక్తంలో బాగా పెరిగి, అంతే వేగంగా పడిపోతుంది. మత్తు మాత్రం గంటల తరబడి ఉంటుంది. టీహెచ్‌సీ కొవ్వులో చేరుతుంది కాబట్టి రోజూ పీల్చేవాళ్ల మూత్రంలో వారాల తర్వాత కూడా ఆనవాళ్లు దొరుకుతాయి. అంటే యూరిన్ కిట్ చెప్పేది పీల్చాడా లేదా అన్నదే, ఇప్పుడు మత్తులో ఉన్నాడో లేదో కాదు. గీత మీద నడిపించి, ఒంటికాలిపై నిలబెట్టి చూసే పరీక్షలూ అంత నమ్మకమైనవి కావు. అమెరికాలోని శాన్‌డియాగోలో చేసిన పరిశోధన 2023లో అచ్చయింది. గంజాయి పీల్చినవాళ్లలో 81 శాతం మంది మత్తులో ఉన్నారని పోలీసు అధికారులు తేల్చారు. టీహెచ్‌సీ లేని సిగరెట్ ఇచ్చినవాళ్లలో కూడా 49 శాతం మందిని అలాగే అన్నారు!

అందుకే పరిశోధకులు డ్రైవింగ్‌నే కొలుస్తారు. అమెరికాలోనే అయోవాలో, నిజంగా బండి నడిపినట్టే ఉండే సిమ్యులేటర్ అనే యంత్రం మీద, బండి తన వరుసలో ఎంత అటూ ఇటూ ఊగుతోందో చూశారు. మందుకు ఊగింది, గంజాయికీ ఊగింది. రెండూ కలిస్తే ఒకదాని ఊగుడుకు రెండోది తోడైంది. పైగా మందు తోడుంటే రక్తంలోకి టీహెచ్‌సీ ఇంకా ఎక్కువ చేరింది. మీ తమ్ముడు దావత్‌లో బీరు తాగి, ఆపైన గంజాయి పీలిస్తే జరిగేది ఇదే. నన్ను ఎక్కువ భయపెడుతున్నదీ ఇదే.

"మంచిగనే నడుపుత" అన్న మాట నమ్మకండి. శాన్‌డియాగోలోనే, పీల్చిన గంటన్నరకు చాలామంది ఇక నడపగలమనుకున్నారు. సిమ్యులేటర్‌లో చూస్తే వాళ్ల డ్రైవింగ్ ఇంకా కుదురుకోనేలేదు. నేను ఫోరెన్సిక్ విభాగంలో పనిచేసినదాన్ని. బాగానే ఉన్నానని బయల్దేరిన పిల్లల అమ్మానాన్నలతో మార్చురీ బయట మాట్లాడాల్సి వచ్చేది.

చట్టం సంగతి కూడా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మాదకద్రవ్యాలకూ వర్తిస్తుంది. అక్కడ అంకెతో పనిలేదు, బండిని అదుపు చేయలేని స్థితిలో ఉంటే చాలు.

దావత్ ఉన్న రోజు బండి తాళం మీ దగ్గర పెట్టుకోండి, ఆటోకు డబ్బులివ్వండి. మత్తు దిగాక, తెల్లారి, కోపం లేకుండా మాట్లాడండి. మానలేకపోతున్నాడనిపిస్తే 14446కు ఫోన్ చేయండి. అది మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్.