కొన్న సీడీకి తాళం వేసి ఉంటే, ఆ తాళం తీయొచ్చా?

ప్రశ్న: 2003 నుంచి 2007 దాకా న్యూజెర్సీలో ఉద్యోగం చేశాను. అప్పట్లో ముచ్చటపడి కొన్న ఇంగ్లీషు పాటల సీడీలు ఇరవై దాకా ఉన్నాయి. ఇప్పుడు విజయవాడలో స్థిరపడ్డాం. కొత్త కారులో సీడీ పెట్టే చోటే లేదు. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామని కూర్చుంటే మూడు డిస్కులు లొంగడం లేదు. కంప్యూటర్‌లో పెట్టగానే ఏదో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకోమంటున్నాయి. అట్ట మీద చూస్తే, కాపీ కాకుండా రక్షణ ఉందని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. మా వీధిలో మొబైల్ షాపు కుర్రాడు ‘లాక్ తీసి ఎక్కిస్తా, మూడొందలివ్వండి సార్’ అన్నాడు. మా బావమరిదేమో ‘తాళం తీస్తే జైలే బావా’ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇన్నేళ్ల తర్వాత కంపెనీ నుంచి డబ్బు వాపసు వస్తుందా? ఈ పాటలు మా కాలేజీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ బావమరిది చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం అదే సెక్షన్‌లో ఇంకొంచెం కిందికి చదివితే దొరుకుతుంది. చాలామంది జైలు అన్న మాట కనబడగానే అక్కడే ఆగిపోతారు.

ఆయన చెబుతున్నది కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 65ఎ గురించి. చట్టం 1957 నాటిదే అయినా ఈ సెక్షన్ 2012 సవరణతో వచ్చింది. ఆ ఏడాది జూన్ 21 నుంచి అమల్లో ఉంది. అంటే మీరు ఆ డిస్కులను సూట్‌కేసులో సర్దుకుని వచ్చేనాటికి, ఇక్కడ ఇలాంటి తాళం తీయడమే ఒక నేరం అని చెప్పే సెక్షన్ లేదు. ఇప్పుడుంది. శిక్ష రెండేళ్ల దాకా జైలు, దానికి తోడు జరిమానా. కానీ అందులో ‘ఉద్దేశం’ అనే మాట ఒకటి ఉంది. కాపీరైట్ హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో తాళం తీస్తేనే నేరం. కింద రెండో ఉపసెక్షన్ ఇంకా తేటగా చెబుతుంది: ఈ చట్టం ప్రత్యేకించి నిషేధించని పని కోసం తాళం తీసేవారికి ఈ సెక్షన్ అడ్డు రాదు.

కాబట్టి అసలు ప్రశ్న తాళం గురించి కాదు, తాళం తీశాక మీరు చేయబోయే పని గురించి. సొంత కారులో వినడానికి ఒక కాపీ తీసుకోవడం నిషిద్ధమా? సెక్షన్ 52(1)(ఎ) ప్రకారం వ్యక్తిగత వినియోగం కోసం చేసే న్యాయమైన వాడకం ఉల్లంఘన కాదు. ఇక్కడా 2012 సవరణ మీకు మేలే చేసింది. అంతకుముందు ఆ సెక్షన్‌లో సాహిత్యం, నాటకం, సంగీతం, కళాకృతులు మాత్రమే ఉండేవి. సంగీతం ఉంది కదా అనుకోకండి. చట్టం దృష్టిలో సంగీతం అంటే స్వరరచన. మీ డిస్కులో ఉన్నది సౌండ్ రికార్డింగ్, దాని లెక్క వేరు. సవరణ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రామ్ తప్ప మిగతా అన్ని రచనలకూ ఈ వెసులుబాటు వర్తిస్తోంది.

‘న్యాయమైన వాడకం’ అంటే ఎంత అని కొలబద్ద ఏదీ చట్టంలో ఇవ్వలేదు. ఏ కేసుకు ఆ కేసు చూసి తేల్చాల్సిందే. మీ సంగతిలో డిస్కు డబ్బు పెట్టి కొన్నారు, అది ఇప్పటికీ మీ దగ్గరే ఉంది, కాపీ ఒక్కటే, వినేది మీరూ మీ ఇంట్లోవాళ్లూ. ఈ పరిస్థితిలో మీ పక్షాన వాదించడానికి నాకు ఇబ్బంది లేదు. ఒక్క జాగ్రత్త. పాటలు ఎక్కించుకున్నాక డిస్కులను పాత సామాన్లవాడికి వేసేయకండి, ఎవరికీ అమ్మకండి. డిస్కు ఒకరి దగ్గరా, కాపీ మీ దగ్గరా ఉంటే ఆ వాదన అక్కడితో కూలిపోతుంది.

షాపు కుర్రాడి దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. ఇంకొకరి కోసం తాళం తీసిపెట్టేవాడు ఆ మనిషి పేరు, చిరునామా, గుర్తుపట్టడానికి కావలసిన వివరాలు, ఏ పనికోసం తీశాడో, అన్నీ రాసి ఉంచాలని సెక్షన్ 65ఎ షరతు పెట్టింది. స్క్రీన్ గార్డులు అమ్మే కౌంటర్ మీద అలాంటి రిజిస్టరు ఉంటుందని నేననుకోను. పైగా మీ పాటల కాపీ ఒకటి అతని కంప్యూటర్‌లో ఉండిపోతుంది, రేపు వచ్చేవాడికి అవే పాటలు వంద రూపాయలకు వెళ్తాయి. అది సెక్షన్ 63 కింద నేరం: ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఆ తగువులోకి మీ డిస్కులెందుకు?

వాట్సాప్ గ్రూపు ప్రశ్నకు జవాబు ఒక్క ముక్క: వద్దు. వందమంది మిత్రుల గ్రూపును వ్యక్తిగత వినియోగం అనలేం.

ఇదంతా విజయవాడలో కూర్చుని మీరు చేసే పనికే వర్తిస్తుంది. ఇలాంటి డిస్కులే అటక మీద పెట్టుకుని ఇంకా అమెరికాలోనే ఉన్న మనవాళ్లు ఈ జవాబు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. అక్కడ 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఉంది. దాని సెక్షన్ 1201 ప్రకారం లోపలికి వెళ్లనివ్వని తాళాన్ని తీయడమే తప్పు, పాట ఎందుకోసమన్నది తర్వాతి మాట. 2006 నవంబరులో ఒక మినహాయింపు ఇచ్చారు. కంప్యూటర్ భద్రతకు గండికొట్టే తాళాలున్న సీడీల మీద పరీక్షలు చేయడానికీ, ఆ గండి పూడ్చడానికీ మాత్రమే తాళం తీయొచ్చన్నారు. పాట వినడానికి కాదు!

సీడీల తాళాలకు మినహాయింపు ఇవ్వాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెబితే మీ డబ్బు వాపసు ప్రశ్నకూ దారి దొరుకుతుంది. మీ డిస్కులు ఏ కంపెనీవో మీరు రాయలేదు, నేనూ ఊహించను. సోనీ బీఎంజీ 2005లో 52 ఆల్బమ్‌లను ఎక్స్‌సీపీ అనే తాళంతో అమ్మింది. విండోస్ కంప్యూటర్‌లో ఆ డిస్కు పాట వినాలంటే వాళ్ల ప్లేయర్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. దానితోపాటు ఇంకో ప్రోగ్రామ్ చడీచప్పుడు లేకుండా చేరి కంప్యూటర్ లోతుల్లో దాక్కునేది. యజమానికి కనబడదు, మామూలుగా తీసేస్తే పోదు. ఆ ఏడాది అక్టోబరు 31న మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు తన కంప్యూటర్‌లోనే దాన్ని పట్టుకుని బయటపెట్టాడు. సుమారు రెండు వారాల్లో కంపెనీ డిస్కులను వెనక్కి పిలిచింది. టెక్సస్ రాష్ట్రం దావా వేసింది, కొనుగోలుదారులూ వేశారు.

ఆ ఎక్స్‌సీపీ డిస్కులకు జోడించిన లైసెన్సు షరతులు వకీలుగా నేను కూడా చదివి ముక్కున వేలేసుకున్నాను. మీరు దివాలా తీస్తే కంప్యూటర్‌లోని పాటలు చెరిపేయాలి. డిస్కు దొంగతనానికి గురైనా చెరిపేయాలి. మీరు నివసించే దేశం దాటించకూడదు. ఏ నష్టమొచ్చినా కంపెనీ పూచీ 5 డాలర్లకు మించదు. ఆ మూడో షరతు ప్రకారం న్యూజెర్సీ నుంచి విజయవాడ వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు విమానం దిగేలోపు ల్యాప్‌టాప్‌లో పాటలు చెరుపుకోవాలన్నమాట.

కొనుగోలుదారుల దావాలో కుదిరిన రాజీని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2006 మే నెలలో ఆమోదించింది. ఎక్స్‌సీపీ డిస్కు తిరిగి ఇస్తే తాళం లేని డిస్కు, పైన ఏడున్నర డాలర్లూ ఒక ఆల్బమ్ డౌన్‌లోడూ, లేదంటే డబ్బు బదులు మూడు ఆల్బమ్‌ల డౌన్‌లోడూ ఇస్తారు. ఆ తర్వాత 2007 జనవరిలో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందంలో, పాడైన కంప్యూటర్ బాగుచేయించుకున్నవారికి 150 డాలర్ల దాకా ఇస్తామన్నారు. కోర్టు రాజీ కింద క్లెయిము గడువు 2006 డిసెంబరు 31. అప్పుడు మీరు న్యూజెర్సీలోనే ఉన్నారు. ఒకవేళ మీవి ఆ రకం డిస్కులే అయితే, చేతికందే దూరంలో పోయింది.

ఇప్పుడు ఏ కంపెనీ డిస్కు అయినా ఫలితం ఒకటే. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పట్టినట్టే, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్లు గడువు. మీది ఇరవై ఏళ్ల నాటి మాట, పైగా కొన్నది అమెరికాలో. కోర్టు ఖర్చు పెట్టించి మీ చేత కేసు వేయించడం న్యాయం కాదు.

గడువులో వెళ్లి గెలిచినవాళ్లు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో ఒకావిడ కొన్న సీడీ ఆమె కారులో పలకలేదు. 2003లో నాంతెర్ కోర్టు దాన్ని బయటికి కనబడని లోపంగా లెక్కగట్టి డబ్బు వాపసు ఇమ్మంది. సోనీతో కలిసి సీడీని రూపొందించిన ఫిలిప్స్ సంస్థే, ఈ తాళం డిస్కులు సీడీ ప్రమాణానికి నిలవవు, వాటి మీద సీడీ గుర్తు వేయకూడదు అని 2002లో చెప్పింది. మీ మూడు డబ్బాల మీద ఆ గుర్తు ఉందో లేదో సరదాకైనా చూడండి.

ఈరోజు కొన్న వస్తువు విషయంలో ఇలాంటి గొడవే వస్తే బిల్లు దాచండి, కంపెనీకి రాతపూర్వకంగా రాయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. వస్తువుకు మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు.

ఇక ఆ మూడు డిస్కులు. పెట్టగానే వచ్చే ప్రోగ్రామ్‌ను ఇన్‌స్టాల్ చేయకండి, ‘వద్దు’ నొక్కేసి పాటల ఫైళ్లు విడిగా కనబడుతున్నాయేమో చూడండి. న్యూజెర్సీలో వాడిన పాత విండోస్ కంప్యూటర్ ఇంకా ఇంట్లో ఉండి, అందులో ఈ డిస్కులు ఎప్పుడైనా ఆడి ఉంటే, దాన్ని తెలిసినవారికి చూపించేదాకా ఇంటర్నెట్‌కు కలపకండి.