క్రెడిట్ ఇచ్చేది కంపెనీ కాదు

ప్రశ్న: మేడమ్, నేను లాస్ ఏంజిలిస్‌లో కమ్యూనికేషన్స్ డిగ్రీ మూడో ఏడాది చదువుతున్నాను. కల్వర్ సిటీలో ఒక చిన్న ప్రొడక్షన్ కంపెనీ ఈ వేసవికి ఇంటర్న్‌గా రమ్మంది. వారానికి మూడు రోజులు. జీతం లేదు, "కాలేజీ క్రెడిట్ వస్తుంది కదా" అన్నారు. వచ్చే సోమవారమే చేరమంటున్నారు. ఛాన్స్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ముందు చేరిపోయి, తర్వాత కాలేజీలో చెప్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. నేను నువ్వనుకున్నట్టే చేసి 96 గంటలు పోగొట్టుకున్నాను. అప్పుడు ఫిల్మ్ ఎం.ఏ. చదువుతున్నాను. మే నెల మధ్యలో చేరిపోయాను, కాలేజీలో రిజిస్ట్రేషన్ జూన్‌లో చేసుకున్నాను. ఆ మొదటి నాలుగు వారాలు లెక్కలోకి రావని రిజిస్ట్రార్ ఆఫీసు చెప్పేసింది. నేను వాళ్ల కిటికీ దగ్గర నిలబడి బతిమాలాను. అక్కడ కూర్చున్నావిడ పాపం మంచావిడే, కానీ రూల్ మారలేదు. ఇప్పుడు బల్లకు ఇటువైపు కూర్చుని మా కాలేజీ పిల్లల కాగితాల మీద సంతకాలు పెడుతున్నాను. ఏటా కనీసం ఒకరైనా ఇదే పొరపాటుతో వస్తారు.

"క్రెడిట్ ఇస్తాం" అని కంపెనీ అంటుంది గానీ, వాళ్ల దగ్గర ఇవ్వడానికి క్రెడిట్ ఉండదు. క్రెడిట్ అంటే డిగ్రీకి లెక్కకొచ్చే చదువు యూనిట్, దాన్ని ఇచ్చేది నీ యూనివర్సిటీ. దానికి నువ్వు ఇంటర్న్‌షిప్ కోర్సులో పేరు నమోదు చేసుకోవాలి, ఒక ప్రొఫెసర్ నిన్ను చూసుకుంటానని ఒప్పుకోవాలి. కంపెనీలో నీ సూపర్‌వైజర్, నువ్వు, ప్రొఫెసర్ ముగ్గురూ ఒక ఒప్పందం మీద సంతకం చేయాలి. దాన్ని చాలాచోట్ల లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. సోమవారం కాదు, రెండు వారాల తర్వాత వస్తానని కంపెనీకి ఈమెయిల్ పెట్టు. అందుకు వద్దన్నారంటే, వాళ్లకు కావలసింది ఇంటర్న్ కాదు, ఊరికే పనిచేసే మనిషి.

ఇక గంటలు. ఫెడరల్ నిబంధన ప్రకారం ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల పని, సుమారు 15 వారాలు. అంటే దాదాపు 45 గంటలు. ఇంటర్న్‌షిప్‌కి కూడా చాలా కాలేజీలు ఈ లెక్కకు అటూ ఇటూగానే పెట్టుకుంటాయి, నీ కాలేజీ సంఖ్య ఎంతో అడుగు. మూడు క్రెడిట్లయితే 135 గంటలనుకో. రోజుకు ఎనిమిది గంటల చొప్పున వారానికి మూడు రోజులు వెళ్తే ఆరో వారంలోనే అయిపోతాయి. మరి వాళ్లు వేసవంతా రమ్మంటే మిగతా వారాలు దేనికింద? ఈ ప్రశ్న మొదటి రోజే అడగడానికి మొహమాటపడకు.

అగ్రిమెంట్‌లో "సినిమా నిర్మాణం గురించి నేర్చుకుంటాను" లాంటి వాక్యం నా దగ్గరికి వస్తే తిప్పి పంపిస్తాను. ఏ పని, ఎన్ని, ఎవరు దిద్దుతారు, అది రాయాలి. "వారానికి రెండు స్క్రిప్టులకు కవరేజ్ రాస్తాను, డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్ చదివి చెప్తారు." ఇలా ఉండాలి. డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్ అంటే కంపెనీలో కథలు ఎంచి తీర్చిదిద్దే అధికారి. కవరేజ్ అంటే స్క్రిప్టు చదివి, కథను ఒకటి రెండు పేజీల్లో కుదించి, కింద నీ అభిప్రాయం రాసి, పాస్, కన్సిడర్, రికమెండ్ అనే మూడింట్లో ఒకటి పెట్టడం. నా మొదటి స్క్రిప్టు నాకు ఎంతో నచ్చింది. మనకు పాస్ అంటే పరీక్ష పాసవడమే కదా, సంతోషంగా "పాస్" అని పెట్టాను. ఇక్కడ పాస్ అంటే వద్దని! అది తిరస్కరించినవాటి దొంతరలోకి వెళ్లిపోయింది. మర్నాడు లంచ్‌లో నేను ఆ కథను తెగ పొగుడుతుంటే మా సూపర్‌వైజర్ ఫోర్కు కింద పెట్టి నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కానీ ఆయన ఆ రోజే పక్కన కూర్చోబెట్టుకుని తను రాసిన పాత కవరేజ్‌లు నాలుగు చూపించాడు. ఆ గంట కోసమే ఇంటర్న్‌షిప్ చేసేది. అలాంటి గంటలు ఎన్ని దొరుకుతాయన్నది ఇంటర్వ్యూలోనే కనుక్కో: "నా పని ఎవరు చూస్తారు, ఎన్నాళ్లకోసారి?" జవాబుగా "ఇక్కడందరూ ఒక ఫ్యామిలీలా ఉంటాం" అన్నారా, జాగ్రత్త.

ఒక చిన్న సంగతి. అక్కడ చదివే స్క్రిప్టుల గురించి బయట చెప్పనని నీతో ఎన్‌డీఏ సంతకం చేయిస్తారు. కాలేజీకి ఇవ్వాల్సిన డైరీలో, చివరి పేపర్లో సినిమా పేర్లు, కథలు రాయకు. నువ్వేం నేర్చుకున్నావో మాత్రం రాయి.

ప్రశ్న: డాలస్ నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి కూడా జీతం లేని టీవీ ఇంటర్న్‌షిప్‌కి వెళ్తానంటోంది. పైగా ఆ మూడు క్రెడిట్లకు ఫీజు మేమే కట్టాలట. పని వాళ్లకు చేసి, డబ్బు కాలేజీకి కట్టడమా? అక్కడ కాఫీలు అందిస్తుందట కూడా. ఇది చట్టానికి సమ్మతమేనా? మేం తప్పుగా ఆలోచిస్తున్నామా?

జవాబు: తప్పేం లేదండీ. నాకూ అప్పుడూ ఇప్పుడూ కడుపు మండే విషయమే.

చట్టం సంగతి ముందు చెప్తాను. బ్లాక్ స్వాన్ సినిమాకు జీతం లేకుండా పనిచేసిన ఇద్దరు ఇంటర్న్‌లు 2011లో ఫాక్స్ సెర్చ్‌లైట్ అనే సినిమా కంపెనీ మీద కేసు వేశారు. 2013లో న్యూయార్క్ జిల్లా కోర్టు వాళ్లను ఉద్యోగులుగానే చూడాలంది. 2015లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి వేరే కొలత ఇచ్చింది: ఈ ఏర్పాటులో ప్రధానంగా లాభపడేది ఎవరు, ఇంటర్నా, కంపెనీనా? దానికి ఏడు అంశాలు చూడమంది. 2018 జనవరిలో కార్మిక శాఖ కూడా ఇదే కొలతను తీసుకుంది. క్రెడిట్ ఉండటం ఆ ఏడింటిలో ఒక అంశంలో భాగం, అంతే. కాలేజీ క్యాలెండర్‌కు తగ్గట్టు ఉందా, నేర్పే కాలం వరకే పరిమితమా, జీతమిచ్చి చేయించాల్సిన మనిషి స్థానంలో ఈ పిల్లను కూర్చోబెట్టారా, ఇవన్నీ కలిపి చూస్తారు. అందుకే క్రెడిట్ కాగితం చూపించి ఏ పనైనా ఊరికే చేయించుకోవచ్చనుకునే కంపెనీ పొరబడుతోంది. కాఫీ విషయానికొస్తే, సెట్‌లో ఎప్పుడో ఒకసారి అందరూ అందరికీ అందిస్తారు. పదిరోజులూ అదే పనైతే మాత్రం కాలేజీలో ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్‌కి చెప్పమనండి. మా ఫోన్లకు కంపెనీలు పలుకుతాయి, వచ్చే ఏడాదీ పిల్లలు కావాలి కాబట్టి.

మీరడిగిన దాంట్లో ఒక పాత ముచ్చట ఉంది. 1906లో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే డీన్ ఇంజనీరింగ్ విద్యార్థులను కొన్నాళ్లు క్లాసుకు, కొన్నాళ్లు ఫ్యాక్టరీకి పంపే పద్ధతి మొదలుపెట్టాడు. చదువులో భాగంగా బయట పని చేయడమనేది అమెరికాలో అక్కడి నుంచే పెరిగింది. ఆ పిల్లలకు ఫ్యాక్టరీలు కూలి ఇచ్చాయి! జీతమూ క్రెడిట్టూ రెండూ ఉండకూడదని ఎవరైనా అంటే నాకు ష్నైడర్ గుర్తొస్తాడు.

ఫీజు తగ్గే దారులున్నాయి. వేసవి క్రెడిట్లకు చాలా కాలేజీలు విడిగా బిల్లు వేస్తాయి. మామూలు సెమిస్టర్‌లో ఇన్ని యూనిట్ల వరకు ఒకే ఫీజు అనే పద్ధతి మీ అమ్మాయి కాలేజీలో ఉంటే, ఇంటర్న్‌షిప్‌ని ఆ సెమిస్టర్‌కు జరుపుకోవచ్చు. కంపెనీకి కావలసింది కాలేజీ గుర్తింపు మాత్రమే అయితే మూడు బదులు ఒక్క క్రెడిట్‌కి రిజిస్టర్ చేస్తే చాలునేమో అడగమనండి. అసలు డిగ్రీకి ఆ మూడూ లెక్కకొస్తాయా, ఊరికే అదనంగా మిగిలిపోతాయా అన్నది అడ్వైజర్ దగ్గర తేల్చుకున్నాకే డబ్బు కట్టండి. అలాంటి కేసుల తర్వాత పెద్ద స్టూడియోలు చాలావరకు ఇంటర్న్‌లకు జీతమిస్తున్నాయి. ఎమ్మీ అవార్డులిచ్చే టెలివిజన్ అకాడమీ ఫౌండేషన్ నడిపే ఇంటర్న్‌షిప్‌లకూ డబ్బు ఇస్తారు. పోటీ గట్టిగా ఉంటుంది, అయినా వాటికి అప్లై చేశాకే జీతం లేనిది ఒప్పుకోమనండి.

ప్రశ్న: నేను ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద యానిమేషన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, మొదటి సెమిస్టర్. బర్‌బ్యాంక్‌లో ఒక స్టూడియో ఇంటర్న్‌గా తీసుకుంటామంది. జీతం లేదు కాబట్టి పర్మిషన్ అక్కర్లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఫ్రెండ్స్ మాట నమ్మి వీసా మీదకు తెచ్చుకోకు. జీతం లేకపోయినా నీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓను (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) కలవకుండా ఒక్క రోజు కూడా వెళ్లకు. కావలసింది సీపీటీ, అంటే చదువులో భాగంగా బయట పనిచేయడానికి ఇచ్చే అనుమతి. అది ఫలానా కంపెనీలో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని నీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద అచ్చవుతుంది. ఆ తేదీకి ఒక రోజు ముందు వెళ్లినా తప్పే. పని నీ కోర్సులో భాగమై ఉండాలి, అందుకే చాలా కాలేజీలు ఇంటర్న్‌షిప్ క్రెడిట్‌కు రిజిస్టర్ చేస్తేనే ఇస్తాయి. మామూలుగా ఒక పూర్తి విద్యాసంవత్సరం చదివాకే ఇస్తారు. మొదట్నుంచే ఇంటర్న్‌షిప్ తప్పనిసరని ఉండే మాస్టర్స్ ప్రోగ్రాములకు మాత్రం మినహాయింపు ఉంది. నీది అలాంటిదేమో చూసుకో, కాకపోతే స్టూడియోను వచ్చే వేసవికి ఆగమని అడుగు. ఇంకొకటి, ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే అదే స్థాయి డిగ్రీకి తర్వాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతి, రాదు.

ఈలోగా షోరీల్ (నీ మంచి షాట్లు కూర్చిన వీడియో) మీద కూర్చో. వాళ్లు నచ్చి పిలిచింది ఏ షాట్ చూసో అడిగి తెలుసుకో, దాన్ని మొదట పెట్టు.