ఆంప్ అమ్మేశావటగా, ఇక విను

ఒరేయ్ చిన్నోడా,

మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, ఆంప్ అమ్మేసి సెకండ్ హ్యాండ్‌లో హెచ్ఎక్స్ స్టాంప్ (ఆంప్, స్పీకర్, ఎఫెక్ట్స్ సౌండ్లన్నీ లోపలే తయారుచేసే చిన్న పెడల్ బాక్స్) కొన్నావట, వచ్చే నెల గుంటూరులో ఏదో సంగీత్‌కి దాంతోనే వాయిస్తావట. మంచి పనే చేశావ్, ఆంప్‌ని ఆటోలో వేసుకుని ఊళ్ళు తిరిగి నేను తెచ్చుకున్న నడుం నొప్పి నీకు రాకుండా పోతుంది. మొన్న నువ్వు వాట్సాప్‌లో పంపిన క్లిప్ కూడా విన్నా. చాలా బాగుంది. నా భయమంతా అదే. ఇయర్‌ఫోన్స్‌లో అంత తియ్యగా ఉన్న టోన్ హాల్లో పనికిరాదు.

ఎందుకో చెప్తా. సౌండ్ తక్కువ ఉన్నప్పుడు మన చెవికి బేసూ, పైనుండే ట్రెబులూ సరిగ్గా ఆనవు, మధ్యలోదే ఎక్కువ వినపడుద్ది, దీన్ని ఫ్లెచర్, మన్సన్ అని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే ఇద్దరు 1933లోనే కొలిచి గ్రాఫులు గీసి పెట్టారు. నువ్వేమో రాత్రి పదకొండింటికి ఇంట్లోవాళ్ళు లేవకుండా మెల్లగా పెట్టుకుని, పల్చగా ఉందే అని బేస్ పెంచుతావ్, మెరుపు లేదే అని ట్రెబుల్ పెంచుతావ్, చివరికి మిడ్, అంటే ఆ మధ్యలోది, మొత్తం తగ్గించేస్తావ్. అలా సెట్ చేసి దాచుకున్న టోన్‌ని, అదే ప్యాచ్‌ని, హాల్లో పెద్ద స్పీకర్లలోకి వదిలితే కింద బొయ్యిమంటది, పైన జోరీగలా జుయ్యిమంటది, మధ్యలో గిటార్ ఉండాల్సిన చోట ఏమీ ఉండదు.

నాకు సరిగ్గా ఇదే జరిగింది. చిక్కుడు గింజలా ఎర్రగా ఉండేది చూడు, పాడ్ అని, నీ బాక్స్ లాంటి పాతదే, అది 1998లో వస్తే నా చేతికొచ్చేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. నెలరోజులు ఇంట్లో కూర్చుని ప్యాచులు చేసుకుని ఒక పెళ్ళి ఆర్కెస్ట్రాకి వెళ్ళా. లీడ్ బిట్ వచ్చింది, కళ్ళు మూసుకుని ప్రాణం పెట్టి వాయిస్తున్నా, పాడే అతను వెనక్కి తిరిగి "అన్నా, గిటార్ ఆన్ చేశారా?" అన్నాడు.

అందుకని ముందు చేయాల్సింది ఏంటంటే, ప్యాచులన్నీ ఒకసారి పెద్ద సౌండ్‌లో, వాయించబోయే లాంటి స్పీకర్‌లోనే, వీలైతే డ్రమ్స్, బేస్, కీబోర్డ్ అందరూ వాయిస్తుండగా మళ్ళీ సెట్ చెయ్యి. ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు, కాస్త అసహ్యంగా కూడా అనిపించాలి, అలాంటిదే బ్యాండ్‌లో పైకి తేలుద్ది. మామూలు గిటార్ ఆంప్‌లో ఉండే పన్నెండంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పెద్దగా పలకదు, కానీ హాల్లో సౌండ్ వాళ్ళ బాక్సుల్లో ట్వీటర్ ఉంటది, అది 15 దాకా కూడా కక్కేస్తది, ఆ జోరీగ అక్కణ్ణుంచే వచ్చేది. నీ బాక్స్‌లో స్పీకర్‌ని అనుకరించే క్యాబ్ బ్లాక్‌లోకి వెళ్ళి హై కట్ (దాని పైనున్న సౌండ్ కోసేది) ఒక 6 లేదా 7 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టు, లో కట్ (కిందది కోసేది) 100 హెర్ట్జ్ చుట్టుపక్కల పెట్టు. మన లావు తీగ ఓపెన్‌గా కొడితే 82, దాని కింద ఉన్నదంతా బేస్ గిటార్ వాడిదీ కిక్ డ్రమ్ముదీ, అక్కడ నీకేం పని లేదు. మిక్సర్‌లోకి వెళ్తే క్యాబ్ బ్లాక్ తప్పకుండా ఆన్‌లో ఉండాలి, ఎప్పుడైనా ఫ్రెండ్ ఆంప్ వెనకాల ఎఫెక్ట్స్ రిటర్న్ అనే జాక్‌లో పెట్టి వాయిస్తే మాత్రం క్యాబ్ బ్లాక్ ఆపెయ్, అక్కడ నిజం గిటార్ స్పీకరే ఉంటదిగా, లేకపోతే దుప్పటి కప్పినట్టు ఉంటది.

గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, ఇంట్లో పెట్టిన దానికంటే బాగా తగ్గించు. రివర్బ్ (గది మోత) కూడా, ఫంక్షన్ హాల్ అంటే గ్రానైట్ నేల, ఖాళీ గోడలు, అదే కావాల్సినంత ఇస్తది.

లీడ్‌కి బూస్ట్ ఎక్కడ పెట్టావో చూసుకో, ఇది చాలామంది తప్పు చేస్తారు. ఆంప్ బ్లాక్ ముందు పెడితే, అప్పటికే డిస్టార్షన్‌లో ఉన్న టోన్ ఇంకా చిరుగుతుందే తప్ప సౌండ్ పెరగదు. ఆంప్, క్యాబ్ రెండూ అయ్యాక చివర్లో ఉత్త సౌండ్ పెంచే గెయిన్ బ్లాక్ ఒకటి పెట్టి 3, 4 డీబీ ఇవ్వు చాలు.

పాట మధ్యలో ప్రీసెట్ (ప్యాచ్ అన్నా అదే) మార్చొద్దు. మారేటప్పుడు చిన్న గ్యాప్ వస్తది, డిలే, అంటే ప్రతిధ్వని, దాని తోక తెగిపోద్ది, నీకు వినపడకపోయినా పక్కన కీబోర్డ్ వాడికి తెలుస్తది. ఒకే ప్రీసెట్ పెట్టుకుని దాని లోపలే సెట్టింగులు మార్చే స్నాప్‌షాట్లు మూడు వాడుకో, క్లీన్, రిథమ్, లీడ్, మూడు స్విచ్చులకి మూడూ సరిపోతాయి. ఎంతైనా సంగీత్‌లో నువ్వేం వాయిస్తున్నావో పెళ్ళికూతురి మేనమామకి కూడా పట్టదు గానీ, మన బ్యాండ్ వాళ్ళు వింటారుగా.

ఇక సౌండ్ వాళ్ళ సంగతి. వెళ్ళగానే మిక్సర్ దగ్గర కూర్చున్నతనికి నమస్తే పెట్టి, అన్నా, ఇది ఆంప్, క్యాబ్ అన్నీ లోపలే అయి వస్తది, ఛానెల్ ఈక్యూ ఫ్లాట్‌గా పెట్టండి అని చెప్పు, లేకపోతే అలవాటు కొద్దీ ట్రెబుల్ పెంచేస్తారు. మీ బాక్స్‌కి ఎక్స్ఎల్ఆర్ (మైకు కేబుల్ లాంటి మూడు పిన్నుల) అవుట్ లేదు కాబట్టి, గిటార్ జాక్‌ని మిక్సర్‌కి పనికొచ్చేలా మార్చే డీఐ బాక్స్ నీదే ఉండాలి, వాళ్ళ దగ్గర ఉంటదిలే అనుకోకు. ఫాంటమ్ పవర్ (మిక్సర్ నుంచి కేబుల్‌లోనే మైకులకి పంపే కరెంటు) వేసే ముందు ఏ ఛానెల్‌కి వేస్తున్నారో కనుక్కో. ఎక్కువ చోట్ల స్పీకర్లన్నీ మోనోలోనే ఉంటాయి, ఎడమా కుడీ ఎగిరే నీ డిలే సరదాలు మానేసి ఎడమ వైపు జాక్ ఒక్కటే ఇవ్వు. నీకు వినపడట్లేదంటే మానిటర్ పెంచమని అడుగు, నీ బాక్స్ మీదున్న వాల్యూమ్ మాత్రం తిప్పకు, నువ్వు తిప్పితే బయట జనానికి కూడా పెరుగుద్ది, అతను అక్కడ తగ్గిస్తాడు, నువ్వు మళ్ళీ పెంచుతావ్, రాత్రంతా ఇదే ఆట.

కరెంటు దగ్గర మాత్రం బద్ధకించొద్దు. లైటింగ్ వాళ్ళ బోర్డులో ప్లగ్ పెట్టకు. గిటార్ పట్టుకుని మైకుకి పెదవి తగిలినప్పుడు చురుక్కుమందనుకో, ఎర్తింగ్ సరిగ్గా లేదని అర్థం, వెంటనే ఆపి లైన్ మార్పించు. హమ్ వస్తుందని ప్లగ్‌కి ఉన్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టే మహానుభావులు ఉన్నారు, నువ్వు చేరకు వాళ్ళల్లో, డీఐ మీద ఆడియో కేబుల్ గ్రౌండ్‌ని మాత్రమే విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నదే అందుకు. కరెంటు పోయి జనరేటర్ ఎక్కేలోపు మీ బాక్స్ ఆరిపోయి మళ్ళీ మొదట్నుంచి లేస్తది, ఈలోపు డ్రమ్మర్ పాట ఎత్తేస్తాడు, కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ ఒకటి కాళ్ళ దగ్గర పెట్టుకో. అడాప్టర్ 9 వోల్టులది, 3 ఆంపియర్లు లాగుతుంది, మామూలు పెడల్ అడాప్టర్ సగం ఆంపియర్ కూడా దాటదు, దాంతో నడవదు, కాబట్టి ఒరిజినల్ అడాప్టర్ ఇంట్లో మర్చిపోయావో, ఆ రాత్రి నువ్వు చప్పట్లు కొట్టుకోవడమే.

షోకి వారం ముందు నుంచీ అప్‌డేట్ జోలికి వెళ్ళకు. ప్యాచులు బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టు.

ఆదివారం పొద్దున మా ఇంటికి రా, మేడ మీద నా పవర్డ్ స్పీకర్ ఉంది, ఎదురింటివాళ్ళు ఊరెళ్ళారు, ఎంత పెట్టినా ఎవడూ అడగడు. నా డీఐ బాక్స్ కూడా తీసుకెళ్ళు, కొత్తది కొనకు. తిరిగి ఇవ్వు మరి, పోయిన దసరాకి పట్టుకెళ్ళిన కేపో (గిటార్ మెడకి పెట్టే క్లిప్పు) ఇంకా రాలేదు.

బాబాయ్