జొకోవిచ్ గ్రీకువాడా?

సందేహం: టెన్నిస్ ఆటగాడు జొకోవిచ్ పేరుకు గ్రీకులో 'రైతు కొడుకు' అని అర్థమంటూ వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. సెర్బియా వాళ్లకు గ్రీకు పేర్లేమిటి? మూలంలో వాళ్లు గ్రీకులా? అక్కడ చాలామంది పేర్లు 'ఇచ్'తో ముగుస్తాయి, అది మన ఇంటిపేరు లాంటిదేనా? మన పేపర్లలో ఒకచోట జొకోవిచ్, ఇంకోచోట జకోవిచ్ అని వస్తోంది. మా అబ్బాయేమో జొకోవిక్ అంటాడు. ఏది రాయాలి? చివరగా, నికోలా టెస్లా కూడా సెర్బే అంటారు కదా, మరి ఆయనకు 'ఇచ్' ఏది? – ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ఆ మెసేజ్ రాసినవారు అబద్ధం చెప్పలేదు గానీ మధ్యలో ఒక మెట్టు దాటేశారు. ఈ పేరును విడగొడితే మూడు ముక్కలు వస్తాయి. మొదటిది 'జోకొ'. ఇది 'జోర్జె' అనే పేరుకు ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. రెండోది 'ఒవ్', అంటే 'ఫలానావాడి' అని సంబంధం చెప్పే ప్రత్యయం. మూడోది 'ఇచ్', చిన్నవాడు అని. మొత్తం కలిపితే 'జోకొ గారి చిన్నోడు'. ఇక జోర్జె అన్నది గ్రీకు 'గెయోర్గియొస్'కు సెర్బియన్ రూపం, ఇంగ్లిషువాళ్ల జార్జి కూడా ఇదే. గ్రీకులో 'గే' అంటే నేల, 'ఎర్గొన్' అంటే పని. నేల మీద పనిచేసేవాడు గెయోర్గొస్, అంటే రైతు. ఆ లెక్కన జొకోవిచ్ రైతుబిడ్డే.

అయితే ఆ ఇంటి మూలపురుషుడికి జోకొ అని పేరొచ్చింది ఆయన నాగలి పట్టాడని కాదు. సెయింట్ జార్జి పేరు పెట్టారు, అంతే. పేరు పెట్టిన తల్లిదండ్రులకు దాని గ్రీకు అర్థం తెలిసి ఉండాల్సిన పనే లేదు. ధాతువు అర్థం వేరు, ఇంటిపేరు చెప్పే సంగతి వేరు. జొకోవిచ్ అనే ఇంటిపేరు చెప్పేది 'మేం జోకొ సంతానం' అని మాత్రమే.

వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. సంస్కృతంలో దశరథుడి కొడుకు దాశరథి, సుమిత్ర కొడుకు సౌమిత్రి, కుంతి కొడుకు కౌంతేయుడు. సంతానాన్ని చెప్పే ఇలాంటి మాటలను అపత్యార్థక తద్ధితాలంటారు. సెర్బియన్ 'ఇచ్' చేసేదీ ఆ పనే. అచ్చ తెలుగులో ఇలాంటి ప్రత్యయం లేదు. 'సుబ్బయ్యగారి అబ్బాయి' అని విడిగా చెప్పుకోవాల్సిందే. తల్లి పేరు మీద వచ్చినవి సెర్బియాలోనూ ఉన్నాయి. కాతరీనాను ముద్దుగా కాతా అంటారు, ఆమె సంతతి 'కాతిచ్'. భర్త పోయాక ఒంటిచేత్తో పిల్లల్ని పెంచిన తల్లుల పేర్లు ఇలా నిలిచిపోయాయని అక్కడివారు చెబుతారు. రాధేయుడు గుర్తొస్తే తప్పులేదు.

ఇప్పుడు గ్రీకుల సంగతి. సెర్బులు స్లావులు, అంటే రష్యన్ల భాషాకుటుంబానికి చెందినవాళ్లు. తొమ్మిదో శతాబ్దంలో వాళ్లను ఏలిన అన్నదమ్ముల పేర్లు ముతిమీర్, స్త్రొయిమీర్, గొయ్నిక్. అన్నీ అచ్చ స్లావ్ పేర్లే. ఆ రోజుల్లోనే బైజాంటియం నుంచి, అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు సామ్రాజ్యం నుంచి, క్రైస్తవం వచ్చింది. తర్వాతి తరంలో చూడండి: ముతిమీర్ కొడుకుల్లో ఒకడు స్తెఫాన్, గొయ్నిక్ కొడుకు పెతర్. ఒక్క తరంలో రాజకుటుంబంలోకి రెండు గ్రీకు పేర్లు దిగాయి. గ్రీకు రక్తం కలవలేదు, గ్రీకు చర్చి కేలండర్ వచ్చింది. తర్వాత నెమానిచ్ వంశం రాజులైతే 'స్తెఫాన్' అన్నదాన్ని బిరుదులాగే వాడుకున్నారు. గ్రీకులో స్తెఫనొస్ అంటే కిరీటం. 1217లో కిరీటం పెట్టుకుని మొదటి రాజయిన ఆయన పేరు కూడా స్తెఫానే. ఆయన తమ్ముడికి పుట్టినప్పుడు పెట్టినది స్లావ్ పేరు, రాస్త్కొ. సన్యాసం తీసుకున్నాక సావా అయ్యాడు. 1219లో సెర్బియా చర్చికి స్వతంత్రత సాధించిన సెయింట్ సావా ఆయనే.

ఇలాంటి పేర్లు మనకూ ఉన్నాయి. మనకు గ్రీకు చర్చి నుంచి కాదు, బైబిల్ అనువాదాల ద్వారా వచ్చాయి. సెర్బియన్ పెతర్ మన పేతురు, స్తెఫాన్ మన స్తెఫను, ఫిలిప్ మన ఫిలిప్పు, అంద్రియా మన అంద్రెయ, యొవాన్ మన యోహాను, పావ్లె మన పౌలు. కాబట్టి పెత్రొవిచ్ అంటే పేతురు కొడుకు, స్తెఫానొవిచ్ అంటే స్తెఫను కొడుకు. 1961లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న ఈవో ఆంద్రిచ్ ఇంటిపేరు అంద్రెయ నుంచి వచ్చింది. గుంటూరు జిల్లాలో పేతురు అనే పేరున్నాయన గ్రీకువాడు కానట్టే, పెత్రొవిచ్ కూడా గ్రీకువాడు కాడు.

ఇక్కడ చిన్న జాగ్రత్త. గ్రీకు దారిలో వచ్చినవన్నీ గ్రీకులో పుట్టినవి కావు. సెర్బియాలో అన్నిటికన్నా ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేరు యొవానొవిచ్. యొవాన్ మూలం హీబ్రూ. గ్రీకు దాన్ని 'ఇయోఆన్నిస్'గా మార్చి పంపింది. ఇలియా కూడా అంతే, మన బైబిల్లో ఏలీయా. మార్కొ, పావ్లె లాటిన్ పేర్లు. నికరంగా గ్రీకువి ఏవంటే: జోర్జె, పెతర్ (రాయి), స్తెఫాన్, నికొలా (విజయం, జనం అనే రెండు మాటల కలయిక), ఫిలిప్ (గుర్రాలంటే ఇష్టపడేవాడు), వసీలియె (రాజుకు సంబంధించినవాడు), తనాసియె (చావులేనివాడు), దిమీత్రియె (దిమీతర్ అనే పంట దేవతకు చెందినవాడు), తొదొర్ (దేవుడిచ్చినవాడు). వీటి నుంచి నికొలిచ్, ఫిలీపొవిచ్, వసిలియెవిచ్, తనాసిచ్, మీత్రొవిచ్, తొదొరొవిచ్ అని ఇంటిపేర్లు వచ్చాయి. మీత్రొవిచ్‌లో ఉన్న 'మితర్' దిమీత్రియెకు కుదింపు. పంట దేవత పేరు ఒక క్రైస్తవ సాధువు మీదుగా ఫుట్‌బాల్ చొక్కాల వెనక్కి ఎక్కిందన్నమాట.

ఈ పేర్లు ఏ కాలపు గ్రీకు నుంచి వచ్చాయో వాటి ఉచ్చారణే చెబుతుంది. ప్రాచీన గ్రీకులో 'బ'గా పలికిన అక్షరం బైజాంటియం కాలానికి 'వ' అయింది. అందుకే ఇంగ్లిషులో బాసిల్ అయిన పేరు సెర్బియన్‌లో వసీలియె. గ్రీకు 'థ'ను సెర్బులు 'త' చేశారు, రష్యన్లు 'ఫ' చేశారు. అందువల్ల సెర్బియన్ తొదొర్, మనం రష్యన్ నవలల్లో చూసే ఫ్యోదర్ ఒకే పేరు. ఇంకో సరదా సంగతి ఏమిటంటే, పాత స్లావ్ భాషలో 'ఫ' లేదు. దాంతో స్తెఫాన్‌ను చాలామంది సెర్బులు స్తెవాన్ అన్నారు, పొరుగున క్రొయేషియావాళ్లు స్త్యెపాన్ అన్నారు. తెలుగు నాలుకకూ ఆ ఫ పుట్టుకతో లేదు. మన పల్లెల్లో ఫిలిప్పు పిలిప్పు అయినట్టు, కాఫీ కాపీ అయినట్టు, అక్కడా జరిగింది.

'ఇచ్' ఉన్న ప్రతి పేరులోనూ గ్రీకును వెతక్కండి. మిలోషెవిచ్‌లోని మిలోష్ స్లావ్ పేరు, 'ప్రియం' అనే ధాతువు నుంచి వచ్చింది. బాస్కెట్‌బాల్ ఆటగాడు బొగ్దాన్ బొగ్దానొవిచ్ పేరులో 'బొగ్' దేవుడు, 'దాన్' ఇచ్చిన. ఈ 'దాన్', మన 'దానం' ఒకే ధాతువు నుంచి వచ్చినవి. బొగ్దాన్, తొదొర్ రెండింటి అర్థమూ ఒకటే, ఒకటి స్వదేశీ, ఒకటి దిగుమతి. అసలు జొకోవిచ్ మొదటి పేరు 'నొవాక్'లో ఉన్న 'నొవ్' కూడా స్లావ్ మాటే, కొత్త అని. సంస్కృత 'నవ'కు చుట్టం.

మీ మరో ప్రశ్న: ఇది ఇంటిపేరేనా? ఇప్పుడు ఇంటిపేరే. ఒకప్పుడు కాదు. ఒక కుటుంబాన్ని చూపిస్తాను. యొవాన్ అనే ఆయన కొడుకు పెతర్ యొవానొవిచ్. పెతర్ కొడుకు జోర్జె పెత్రొవిచ్. ఈ జోర్జెనే 1804లో తుర్కుల మీద తిరుగుబాటు నడిపాడు. నల్లగా ఉండేవాడని, కోపిష్టి అని తుర్కీ మాట తగిలించి 'కరాజోర్జె' అన్నారు, నల్ల జార్జి అని. ఆయన కొడుకు 1842 నుంచి 1858 దాకా సెర్బియాను పాలించాడు. పేరు అలెక్సాందర్ కరాజోర్జెవిచ్. తాత నుంచి మనవడి దాకా ప్రతి తరంలోనూ చివరి పేరు మారింది. తమిళుల ఇనీషియల్ ఇప్పటికీ నడుస్తున్న తీరు ఇదే. ఆ అలెక్సాందర్ హయాంలోనే, 1851లో, ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. అక్కడితో మారడం ఆగింది. 'కరాజోర్జెవిచ్' అన్న ఆ ఒక్క ఇంటిపేరులో ముందు తుర్కీ, మధ్యలో గ్రీకు, చివర స్లావ్ ఉన్నాయి. బాల్కన్ చరిత్రంతా చదవక్కర్లేదనిపిస్తుంది.

మన ఇంటిపేర్లలో ఊళ్లవి ఎక్కువ. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం అంటే దాయాదులేమో అని అడుగుతాం. సెర్బియాలో ఇద్దరు నికొలిచ్‌లు కలిస్తే అలా అనుకోరు. ఏ ఊళ్లో ఏ నికొలా నుంచి ఎవరి శాఖ మొదలైందో ఏం చెప్పగలం? వాళ్లకు చుట్టరికం తేల్చుకోవడానికి ఇంటిపేరు కన్నా 'స్లావా' పనికొస్తుంది. ప్రతి కుటుంబానికీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఒక సాధువు ఉంటాడు, ఏటా ఆయన రోజున ఇంట్లో పండగ. డిసెంబరు 19న సెయింట్ నికొలా స్లావా చేసుకునే ఇళ్లు చాలా ఎక్కువ. ఈ ఆచారాన్ని 2014లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

రష్యన్‌తో కలిపేసుకోవద్దు. లెనిన్ పేరు వ్లదీమిర్ ఇల్యీచ్ లెనిన్. అందులో 'ఇల్యీచ్' అంటే ఇల్యా కొడుకు, అది ఇంటిపేరు కాదు, మధ్యలో వచ్చే తండ్రి పేరు. సెర్బియన్ 'ఇలిచ్' కట్టడి అదే అయినా ఇంటిపేరై కూర్చుంది. రష్యాలో ఆడవాళ్ల ఇంటిపేరు చివర మారుతుంది, సెర్బియాలో మారదు. ఆనా ఇవానోవిచ్ అనే రాయాలి, ఇవానోవా అనకూడదు.

రాత విషయానికొద్దాం. సెర్బులు పలికినట్టే రాస్తారు, రాసినట్టే చదువుతారు. ఆ విషయంలో తెలుగుకు దగ్గరవాళ్లు. 1818లో నిఘంటువు వేసిన వూక్ కరాజిచ్ ఆ పద్ధతిని నిలబెట్టాడు. చిక్కంతా మనం ఇంగ్లిషు కీబోర్డు మీదుగా చూడటంలో ఉంది. సెర్బియన్‌లో 'సి' అక్షరం ఏ గుర్తూ లేకుండా ఉంటే 'చాప'లోని దంత్య చ, పైన చిన్న గీత ఉంటే 'చిలక'లోని తాలవ్య చ. 'క' మాత్రం ఎప్పుడూ కాదు. మీ అబ్బాయి చూసింది గీత రాలిపోయిన 'సి'. కాబట్టి 'విక్' వద్దు, 'విచ్' అనమనండి. మొదట్లో కనిపించే 'డి' కూడా ఉత్తదే. అడ్డగీత ఉన్న ఒక అక్షరానికి బదులు 'డి', 'జె' అని రెండు అక్షరాలు వేస్తారు. రెండూ కలిసి ఒక్క 'జ' మాత్రమే.

అది తాలవ్య జ అని గుర్తుంచుకోండి. 'జొన్న'లో లాగా దంత్యంగా పలక్కూడదు, 'జిల్లా'లో లాగా పలకాలి. తెలుగు మాటల్లో ఒకారం ముందు జ దంత్యమవుతుంది గానీ, జోసెఫ్ లాంటి అరువు మాటల్లో తాలవ్యంగానే అంటాం కనక ఇబ్బంది ఉండదు. 'జ్యొ' అని రాసి భయపెట్టనక్కర్లేదు.

ఇక హ్రస్వదీర్ఘాలు. సెర్బులు మొదటి అచ్చును సాగదీసి 'జోకొవిచ్' అంటారు, 'కొ' పొట్టి. మనం సరిగ్గా తలకిందులుగా 'జొకోవిచ్' అని రాస్తున్నాం. 'నొవాక్' మాత్రం అచ్చం వాళ్లు పలికినట్టే కుదిరింది. 'జకోవిచ్' ఇంగ్లిషు కామెంటేటర్ల నోటి నుంచి వచ్చిన రూపం, దాన్ని వదిలేయొచ్చు. జొకోవిచ్ ఇప్పటికే వాడుకలో స్థిరపడింది, ఉంచుకోండి. కొత్తగా వచ్చే పేర్లనైనా విని రాస్తే చాలు. హెడ్డింగుల్లో చోటు చాలక 'జొకో' అని కత్తిరిస్తుంటారు కదా, అది తప్పని ఎవరో నాకు ఫిర్యాదు చేశారు. కాదు. 'విచ్' తీసేస్తే మిగిలేది ఆ ఇంటి మూలపురుషుడి ముద్దుపేరే!

అసలు సరిదిద్దుకోవాల్సింది వేరే ఉంది. సెర్బియన్‌లో 'జె' అక్షరం ఒంటరిగా ఉంటే య. టెన్నిస్ క్రీడాకారిణి ఒకరిని జెలెనా జంకోవిచ్ అని ఏళ్ల తరబడి రాశాం. ఆమె యెలెనా యాంకొవిచ్. బాస్కెట్‌బాల్ నికొలా యోకిచ్‌ను జోకిచ్ చేయకండి. యోహాను, యేసు అని రాసే అలవాటున్న భాష మనది, య రాయడానికి మొహమాటమెందుకు?

టెస్లా సంగతి. 1856లో ఇప్పటి క్రొయేషియాలోని స్మిల్యాన్‌లో ఒక సెర్బు మతగురువు ఇంట్లో పుట్టాడు. ఆయన పేరులో గ్రీకు నికొలాతో సరి. 'తెస్లా' ఎవరి కొడుకు అనీ చెప్పదు. వడ్రంగులు చెక్క చెక్కే బాడిసను సెర్బియన్‌లో తెస్లా అంటారు.