చర్చి ఉండగా ఏటి ఒడ్డున ఆరాధన ఎందుకు? మా పల్లె అనుభవం

కావలి దగ్గర్నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "ఏడాదికి మూడు నాలుగుసార్లు, కాలం మారినప్పుడల్లా, చెరువు కట్ట మీదో సముద్రం ఒడ్డునో ఆరాధన పెట్టుకుందామని మా సంఘంలో యువకులం అనుకుంటున్నాం. పెద్దలేమో 'ఇంత కష్టపడి మందిరం కట్టుకుంది ఎందుకు?' అంటున్నారు. వాళ్లకేం చెప్పాలి? ఎవరైనా ఇలా చేసి ఉంటే ఎలా జరిపారో చెప్పండి."

తమ్ముడూ, మాది ఒంగోలు వైపు, గుండ్లకమ్మ ఒడ్డున చిన్న పల్లె. నేను సంఘ కార్యదర్శిని. 2015 నుంచి మేం ఏటి ఒడ్డున ఆరాధన చేస్తున్నాం. మీ పెద్దలు అడిగిన మాటే మా పెద్దలూ అడిగారు. ముందు ఆ సంగతి చెబుతాను. మిగతావన్నీ దాని తర్వాతే.

సంఘ కూటంలో నేను ఈ ఆలోచన చెప్పగానే ఒక పెద్దావిడ లేచి నిలబడింది. నాకు వరసకు పెద్దమ్మ అవుతుంది. అప్పటికే డెబ్బై దాటింది. "ఏమయ్యా, మా అమ్మా నాయనా బతికినన్నాళ్లూ ఊరి బయటే ఉన్నారు. బావి దగ్గర బయట, బడి దగ్గర బయట. కూలి డబ్బుల్లోంచి పైసా పైసా తీసి ఈ గోడలు లేపుకున్నాం. ఇప్పుడు మమ్మల్ని మళ్లీ బయట కూర్చోమంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ప్రకృతి గురించి, ప్రశాంతత గురించి నేను రాసుకుపోయిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

మీ పెద్దల మాట వెనక కూడా ఇదే ఉండొచ్చు. మన వైపు చాలా సంఘాల్లో మందిరం అంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు, తలెత్తుకుని కూర్చున్న మొదటి చోటు. అందుకే "దేవుడు అంతటా ఉన్నాడు కదా" అని వాదించొద్దు. ఆ సంగతి వాళ్లకు మనకంటే బాగా తెలుసు. ముందు వాళ్ల దగ్గర కూర్చుని, మందిరం ఎలా కట్టుకున్నారో చెప్పమని అడగండి. నేను ఆ పని చేయడానికి రెండు నెలలు పట్టింది. ఒక్కో ఇంటికీ వెళ్లాను. అలా వింటుంటే తెలిసింది, మందిరం కట్టకముందు వాళ్లు కూడుకున్నది చింతచెట్టు కింద, వాన వస్తే ఒకరి పంచలో. ఆ చెట్టు గురించి చెప్పేటప్పుడు మా పెద్దమ్మ గొంతు మారింది. "ఆ పాటలు వేరే అయ్యా" అంది.

అప్పుడు నేను ఆమెకు ఒంగోలు కొండ సంగతి గుర్తు చేశాను. మన జిల్లాల్లో బాప్టిస్టు కుటుంబాల్లో పుట్టినవాళ్లు చాలామంది చిన్నప్పుడు విన్నదే. 1854 జనవరి 1న తెల్లవారకముందే అయిదుగురు ఒంగోలు పక్కనున్న కొండెక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికా మిషనరీ లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, వాళ్లతో మన తెలుగువాళ్లు ముగ్గురు: నర్సు అనే ఆయన, జూలియా, రూతు. అప్పటికి కొద్ది నెలల ముందే, 1853లో, ఫలితం లేని ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఈ అయిదుగురూ కొండ మీద ఒకరి తర్వాత ఒకరు ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరింది 1866లో, అంటే పన్నెండేళ్ల తర్వాత. ఆ కొండను ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటారు.

ఇక గుండ్లకమ్మ సంగతి మా ఇంట్లో మరీ ఎక్కువగా చెప్పుకునేవాళ్లు. 1876లో మొదలైన ధాత కరువులో క్లౌ గారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. ఆ కాలంలో బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆగారు. కరువు సాయం ఆగిపోయాక 1878 జులైలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, 3వ తేదీ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగు బోధకులు ఆరుగురు వంతులవారీగా నీళ్లలోకి దిగారు. మా నాయనమ్మ ఆ రోజును తాను చూసినట్టే చెప్పేది. ఆమె చూసి ఉండే అవకాశమే లేదు, ఆమెకు వాళ్ల నాయనమ్మ చెప్పింది.

ఇవన్నీ విన్నాక పెద్దమ్మ ఒకటే అడిగింది. "అయితే మనం బయటికి పోవడం గెంటేస్తే కాదు, మన ఇంటి మొదటి గదికి పోయినట్టు, అంతేనా?" నేను అంతే అన్నాను. ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు. మీ పెద్దలకు మీ ఊరి చెట్టు గుర్తుంటుంది, ఆ చెట్టు దగ్గర మొదలుపెట్టండి.

ఇప్పుడు ఎలా జరపాలో చెబుతాను. మా మొదటి ప్రయత్నం 2015 ఈస్టర్. అది చెడిపోయింది. ట్రాక్టర్ మీద జనరేటర్, సౌండ్ బాక్సులు, షామియానా, రెండు వందల కుర్చీలు ఏట్లోకి దించాం. అంటే చర్చిని మొత్తం విప్పి ఇసుకలో మళ్లీ కట్టాం. జనరేటర్ మోతలో కీర్తన వినపడలేదు, తూర్పున పొద్దు పొడిచింది కూడా షామియానా చాటున ఎవరూ చూడలేదు. అవతలి గట్టు పల్లె వాళ్లు "నాలుగు గంటలకే ఏందయ్యా ఈ రొద" అన్నారు. న్యాయమే. వాళ్ల ఇళ్లలో చంటిపిల్లలున్నారు, రాత్రంతా పొగాకు బ్యారన్ కాసి అప్పుడే పడుకున్నవాళ్లున్నారు. మరుసటి వారం పాస్టర్ గారూ నేనూ వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాం.

అప్పటినుంచి మైకు తీసుకెళ్లలేదు. మీరూ తీసుకెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాను. మైకు ఉంటే మనం వినే పని మానేస్తాం. నలభై యాభైమందికి గొంతు చాలు. డప్పు కూడా చివరి పాటకే.

రెండోది, ఏటా చోటు మార్చకండి. ఒకసారి మైపాడు బీచి, ఒకసారి కొత్తపట్నం, ఒకసారి ఉదయగిరి కొండ అని తిరిగితే అది విహారయాత్ర అవుతుంది. అదీ మంచిదే, కానీ మీరు అడిగింది అది కాదు. ఒకే చోట, అదే వేపచెట్టు దగ్గర, అదే మలుపులో ఏడాదికి మూడు నాలుగుసార్లు కూర్చుంటేనే కాలం మారడం కనపడుతుంది. జనవరిలో నీళ్లు పారిన చోట ఈస్టర్‌కు ఇసుక, ఆ ఇసుకలో చెలమ తవ్వుకునే ఆడవాళ్లు. అది చూసినవాడికి ఎడారిలో నీళ్ల గురించిన వాక్యం వేరే వివరించి చెప్పనక్కర్లేదు.

కాలాల గురించి ఒక మాట. పడమటి దేశాల కార్డుల మీద ఈస్టర్ అంటే మంచు కరిగి పూలు పూసే కాలం. మనకు అది ఎండలు ముదిరే కాలం, ఏరు ఎండే కాలం. కానీ సరిగ్గా ఆ ఎండలోనే వేప పూత రాలి ఒడి నిండుతుంది. మా పాస్టర్ గారు ఒక ఈస్టర్‌కు ప్రసంగం లేకుండా ఆ పూత గుప్పెడు తీసి అందరి చేతుల్లో పోశారు. నాకు గుర్తున్న ప్రసంగాల్లో అదే పెద్దది. అందుకని మీ కాలాలు మీరు పెట్టుకోండి. మావి ఇవి: జనవరి 1 తెల్లవారుజాము, ఈస్టర్ తెల్లవారుజాము, జులై మొదటి ఆదివారం సాయంత్రం, నవంబరులో ఒక ఆదివారం.

నవంబరుది మాత్రం ఏట్లో కాదు. మన రెండు జిల్లాలకు ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం, తుపాన్లూ అప్పుడే. ఆ నెలలో మేం చర్చి వరండాలో, తలుపులన్నీ తీసి, కరెంటు ఆపేసి కూర్చుంటాం. వాన పడితే వాన వింటాం. పెద్దమ్మకు అన్నిటికంటే ఇదే ఇష్టం. ఆమె కట్టిన గోడా ఉంది, బయటా ఉంది.

ఈస్టర్‌కు ఇంకో మేలు ఉంది. ఆ పండుగ ఎప్పుడూ పున్నమి దాటాక వచ్చే ఆదివారమే. కాబట్టి మబ్బు లేకపోతే నాలుగు గంటలకు పడమటి వైపో నడినెత్తినో చంద్రుడు ఉంటాడు, దారి కనపడుతుంది. ముందు సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు పెట్టి, అక్కణ్ణుంచి మాట్లాడకుండా ఏటికి నడుస్తాం. జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్లో 1732లో మొరేవియన్ యువకులు ఈస్టర్ తెల్లవారుజామున ఇలాగే సమాధుల దగ్గర కూడి పాడారు. మొదటి సూర్యోదయ ఆరాధన అదే అంటారు. మొదలుపెట్టింది మీలాంటి కుర్రవాళ్లే అని మీ పెద్దలకు చెప్పొచ్చు.

ఏటి దగ్గర మేం చేసేది చాలా తక్కువ. ఒక కీర్తన చదువుతాం, ఎక్కువసార్లు 121వది. తర్వాత ఇరవై నిమిషాలు మౌనం. ఇదే కష్టం. మన సంఘాలకు మౌనం అలవాటు లేదు. మొదట్లో మూడు నిమిషాలకే ఎవరో ఒకరు "స్తోత్రం" అని గట్టిగా ప్రార్థన ఎత్తుకునేవారు. వాళ్లది భక్తే, తప్పు పట్టలేం. పిల్లల వల్ల దారి దొరికింది. "ప్రతి ఒక్కరూ ఒక్క సంగతి చూసి రండి, వచ్చి చెప్పండి" అన్నాం. చూడటం అనే పని ఇచ్చేసరికి మాట ఆగింది. ఒక పిల్ల ఎండ్రకాయ తన బొరియలోంచి ఇసుకను ఉండలు చేసి బయట పెట్టడం చూసింది. "అన్నా, అది ఇల్లు ఊడుస్తా ఉంది" అని చెప్పింది. ఒకాయన తాడి మట్టల మీద మంచు బొట్లు చెప్పాడు. ఇంకొకావిడ ఏమీ చూడలేదని, కొడుకు గురించే ఆలోచించానని ఏడ్చింది. ఆమె కోసం అందరం ప్రార్థన చేశాం. చివర పాట, ప్రార్థన, టీ, ఇడ్లీలు.

2024 జనవరి 1 గురించి చెప్పకుండా ఉండలేను. అంతకు నెల ముందు మిగ్‌జాం తుపాను వచ్చింది. మా వైపు పొగాకు తోటల్లో నీళ్లు నిలిచాయి. నా శనగ చేను మూడు రోజులు నీళ్లలోనే ఉండి కుళ్లిపోయింది, మళ్లీ దున్ని విత్తాల్సి వచ్చింది. కృతజ్ఞతా కీర్తన మొదలుపెడితే సగంమంది గొంతు కలపలేదు. పాస్టర్ గారు పాట ఆపించి, "ఏం పోయిందో ఒక్కొక్కరు చెప్పండి, దేవుడు వింటాడు" అన్నారు. ఎకరాలు, కౌలు, అప్పు, ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. అవతల ఏరు ఇంకా ఎర్రగానే పారుతోంది. నాలుగు గోడల మధ్య అయితే మేం అలా మాట్లాడేవాళ్లం కాదేమో. పోగొట్టిన నీళ్లు కళ్ల ముందే ఉంటే అబద్ధపు సంతోషం చెప్పబుద్ధి కాదు. ప్రకృతిలో ఆరాధన అంటే అందమైన పొద్దు ఒక్కటే అని మీ కుర్రవాళ్లు అనుకుంటే, దయచేసి ఈ మాట వాళ్లతో చెప్పండి.

జాగ్రత్తలు కొన్ని. ఏట్లో అయితే ఇసుక తవ్విన గుంతలు ఎక్కడున్నాయో ముందురోజు పగలు వెళ్లి చూడండి, నీళ్ల కింద కనపడవు. మాకు పైన మల్లవరం రిజర్వాయర్ ఉంది, వానల కాలంలో గేట్లు ఎత్తుతారేమో కనుక్కోకుండా ఎవర్నీ దించం. మీరు చెరువు కట్ట అంటున్నారు కాబట్టి ఇరిగేషన్ వాళ్లనూ, పంచాయతీనీ ఒక మాట అడగండి. పక్కన గుడి ఉన్నా, ఎవరి పొలమైనా ఉన్నా వాళ్లకు ముందే చెప్పండి. చెబితే మా దగ్గర ఎవరూ కాదనలేదు, ఒకాయన తన మోటారు దగ్గర మంచినీళ్లు కూడా పట్టుకోమన్నాడు. గడ్డిలో రక్తపింజరి ఉంటుంది, టార్చి, కర్ర ముందు నడవాలి. పెద్దవాళ్లకు ఆటో మాట్లాడండి, వాళ్లకు పది కుర్చీలు చాలు. ప్లాస్టిక్ గ్లాసులు వద్దు, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలి.

మొదటిసారి ఈస్టర్‌కు కాకుండా జనవరి 1కి పెట్టుకోండి. ఆ రోజు పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే కాబట్టి ముసలివాళ్లూ రాగలరు. డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్ నైట్ ఆరాధన నుంచి చాలామంది నేరుగా వస్తారు, నిద్ర ఉండదు. అందుకని వాక్యం పది నిమిషాలకు మించనివ్వకండి. మంచుకు కింద పరుచుకునే పట్టాలు తడిసిపోతాయి, లెక్కకు మించి ఇంకో రెండు తీసుకెళ్లండి. మీ సంఘంలో అందరికంటే పెద్దావిడను ముందు కూర్చోబెట్టి, మీ మొదటి చెట్టు సంగతి ఆమెనే చెప్పమనండి.