పాట వెనుక కథ చెప్పేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న దీవెనలు. ఆదివారం ఆరాధనలో కీర్తన పాడేముందు దాని నేపథ్యం చెప్పే పని పాస్టరుగారు నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమైంది తల్లీ. జమ్మలమడుగులో ఇన్నేళ్లు క్వయర్ చూసుకున్నవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

వాట్సాప్‌లో వచ్చిన కథను ఉన్నదున్నట్టు మైకులో చదవద్దు. పాటల కథల్లో కల్పన బాగా చేరిపోయింది. 'అమేజింగ్ గ్రేస్' సంగతే చూడు. జాన్ న్యూటన్ నడిసముద్రంలో తుఫానుకు చిక్కి, దేవునికి మొరపెట్టి, బానిసల వ్యాపారం ఆ రోజే వదిలేసి పాట రాశాడని చెప్తుంటారు. తుఫాను 1748లో వచ్చిన మాట నిజమే, ఆయన మొరపెట్టిందీ నిజమే. కానీ ఆ తర్వాతే ఆయన బానిసల ఓడలకు కెప్టెన్ అయ్యాడు. 1754లో ఓడ దిగింది కూడా జబ్బు చేసి. పాదిరి అయ్యాక, ఇంగ్లండులోని ఓల్నీ అనే ఊళ్లో 1773 కొత్త సంవత్సరం రోజు ప్రసంగం కోసం ఈ పాట రాశాడు. ఆ వ్యాపారం పాపమని బాహాటంగా పుస్తకం అచ్చువేసేసరికి 1788 వచ్చింది. తుఫాను నుంచి లెక్కేస్తే నలభై ఏళ్లు!

నువ్వు చెప్పాల్సింది ఈ నలభై ఏళ్ల కథే. ఒక్క రాత్రిలో మారిపోయిన మనిషి గురించి వింటే, తాగుడు మానలేక వెనక బెంచీలో తల దించుకుని కూర్చున్నవాడికి 'నావల్ల కాదులే' అనిపిస్తుంది. కృప అంత ఓపిగ్గా ఒక మనిషిని వెంటాడిందని వింటే వాడు తలెత్తుతాడు.

క్రిస్మస్‌కు 'సైలెంట్ నైట్' ఇస్తే, చర్చి ఆర్గన్‌ను ఎలుకలు కొరికేస్తే గిటారుకు పాట కట్టారన్న కథ వదిలెయ్. ఆ రాగం కట్టిన గ్రూబర్ 1854లో తన చేత్తో రాసిన వివరణలో ఎలుకల ఊసే లేదు. జోసెఫ్ మోర్ 1816లో రాసిన పద్యానికి 1818 క్రిస్మస్ ముందురోజు గిటారుతో పాడేలా రాగం కట్టారు. అది చాలు.

'ఇట్ ఈజ్ వెల్ విత్ మై సోల్' కథ మాత్రం చూసి చెప్పాలి. 1873 నవంబరులో ఓడ మునిగి, ఆ పాట రాసిన స్పాఫర్డ్ నలుగురు కూతుళ్లూ పోయారు, భార్య ఒక్కతే బతికింది. ఆ వారం సంఘంలో ఎవరింట్లోనైనా బిడ్డ పోయి ఉంటే ఈ కథ చెప్పకు. పాట పాడండి, చాలు. తల్లి కడుపుకోతకు మన ఉదాహరణలు అక్కర్లేదు.

ఇంగ్లీషు పాటలకే కథలుంటాయని మనవాళ్లు అనుకుంటారు. నాకు బాధగా ఉంటుంది. లండన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంఘం 1822లోనే మన కడపకు వచ్చింది. తెలుగు కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890 దాకా బతికారు. తెలుగు ఛందస్సు, సంగీతం తెలిసిన మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి, కీర్తన పైన చిన్న అక్షరాల్లో ఏముందో చూడు. రాగం, తాళం వేసి ఉంటాయి. పల్లవి, చరణాలు మన పద్ధతిలోనే నడుస్తాయి. ఇప్పటి పిల్లలు అన్నీ కీబోర్డులో ఒకే బీట్‌కు కొట్టేస్తున్నారు. నువ్వు రాగం పేరు చెప్పి ఊరుకోకు, హార్మోనియం అన్నతో పల్లవి ఒక్కసారి ఆ రాగంలో వాయించమను. జనానికి వెంటనే తెలుస్తుంది.

ఇంకో మాట. మీ సంఘంలో చదువు రాకపోయినా చరణాలన్నీ నోటికొచ్చిన అవ్వలుంటారు. వాళ్ల దగ్గర కూర్చుని పాడించుకుని ఫోన్‌లో రికార్డు చేసుకో. పుస్తకంలో లేని పాత వరసలు వాళ్ల గొంతులోనే ఉన్నాయి, ఆలస్యం చెయ్యకు.

రెండు నిమిషాలు దాటనివ్వకు, అరకాగితం మీద రాసుకో. మొదటి ఆదివారానికి ఏ కీర్తన ఇచ్చారో చెప్పు. చౌదరిగారిదైతే నా పాత పుస్తకం మీ నాన్న చేత పంపిస్తాను.

మీ పెద్దనాన్న