మూడో పేజీలో కొట్టేసిన వాక్యం

చిరంజీవికి ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ కవరు సోమవారం అందింది. టీవీలో నదుల్లోని రాకాసి చేపల వెంటపడే ‘రివర్ మాన్‌స్టర్స్’ కార్యక్రమం గురించి నలుగురినీ అడిగి రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాఫీ గ్లాసుతో, రెండోసారి ఎర్ర పెన్నుతో. ‘మాస్టారూ, నిర్మొహమాటంగా చెప్పండి’ అని నువ్వే అడిగావు కాబట్టి, చదివాక నా మీద అలగడానికి వీల్లేదు.

నీ మొదటి వాక్యం: ‘ఈ కార్యక్రమంపై ప్రేక్షకుల్లో భిన్నాభిప్రాయాలు వ్యక్తమవుతున్నాయి.’ అమ్మా, ఈ వాక్యాన్ని బడ్జెట్ మీద పెట్టవచ్చు, కొత్త బస్టాండు మీద పెట్టవచ్చు, పక్కింటి పెళ్లి భోజనం మీదా పెట్టవచ్చు. అందుకే కొట్టేశాను. ఆ తర్వాత నచ్చినవాళ్లు ఇంతమంది, నచ్చనివాళ్లు ఇంతమంది, మధ్యస్థంగా ఉందన్నవాళ్లు ఇంతమంది అని లెక్క కట్టావు. ఆ లెక్కనూ కొట్టేశాను. కోపం తెచ్చుకునే ముందు నా కథ విను.

దూరదర్శన్ రోజుల్లో ఒక వారపత్రికకు టీవీ కార్యక్రమాల మీద శీర్షిక రాసేవాడిని. ఒక ధారావాహిక గురించి పదకొండు పోస్టు కార్డులు వస్తే ‘ప్రేక్షకులు ముక్తకంఠంతో మెచ్చుకుంటున్నారు’ అని రాసేశాను. అచ్చయిన నెల తర్వాత ఆ కార్డులను గూట్లో సర్దుతుంటే కనిపించింది: తొమ్మిదింటి మీద ఒకే పోస్టాఫీసు ముద్ర, ఒకే ఆకుపచ్చ సిరా. ఎవరో వీరాభిమాని, పాపం, ఓపికగా ఒక్కో కార్డు కింద ఒక్కో పేరు పెట్టి రాశాడు. ముక్తకంఠం మాట నిజమే, కంఠం ఒక్కటే. ఆ రోజు నుంచి తలలు లెక్కపెట్టడం మానేశాను.

అసలు ‘మీ అభిప్రాయం ఏమిటి’ అని అడగడంలోనే తిరకాసు ఉంది. అలా అడగగానే ఎదుటి మనిషి చొక్కా సర్దుకుని న్యాయమూర్తి అయిపోతాడు. ‘విజ్ఞానదాయకంగా ఉంది కానీ అతిశయోక్తి ఎక్కువైంది’ అంటాడు. నీ వ్యాసంలో ఈ మాట నాలుగు చోట్ల ఉంది, నలుగురి నోట. నువ్వు వేరే అడిగి ఉండవలసింది. ఏ ఘట్టంలో వంటింట్లో ఉన్నవాళ్లను కేక వేసి పిలిచారు? ఎక్కడ లేచి వెళ్లిపోయారు? పిల్లలు ఏమి అడిగితే జవాబు చెప్పలేకపోయారు? వీలైతే అసలు అడగకుండా, వాళ్ల పక్కన కూర్చుని చూడు.

నేను ఆ కార్యక్రమాన్ని మొదటిసారి చూసింది కోనసీమలో, గోదావరి పాయ గట్టున ఉన్న ఒక పల్లెలో. స్నేహితుడి ఇంటికి వెళ్లాను, వాన పట్టుకుంది, పక్క ఇంట్లో టీవీ నడుస్తోంది. ఆ ఇంటి పెద్దాయన జీవితమంతా పాయలో వల వేసినవాడు. కొడుకులిద్దరూ మరపడవ మీద సముద్రానికి వెళతారు. ఆ సాయంత్రం వచ్చింది కాళీ నది ఎపిసోడ్. ఉత్తరాఖండ్‌కూ నేపాల్‌కూ సరిహద్దుగా పారే నది అది. స్నానానికి దిగినవాళ్లను ఏదో నీళ్లలోకి లాగేసిందని అక్కడివాళ్లు చెబుతారు, కార్యక్రమం నడిపే జెరెమీ వేడ్ ఆ ‘ఏదో’ను వెతుక్కుంటూ వెళతాడు. ఇంగ్లీషు వ్యాఖ్యానం. ఇంటి మనవడు తొమ్మిదో తరగతి, తనకు అర్థమైనంత అందరికీ తెలుగులో చెబుతున్నాడు.

మొదట ఒక మనిషిని నీళ్లలోకి లాగుతున్నట్టు చూపించారు. నటులతో తీసిన ముక్క అది, ఇలాంటి కార్యక్రమాల్లో మామూలే. పెద్దాయన తల్లి, ఎనభై దాటిన మనిషి, గోడకు చేరగిలబడి చూస్తూ అడిగింది: ‘ఈ బొమ్మ తీసినవాడు చెయ్యి అందించలేదా?’

మనవడు నవ్వాడు, నేనూ నవ్వాను. రాత్రి పడుకున్నాక ఆ నవ్వు తగ్గింది. ఆ కార్యక్రమం నాటకీయత గురించి అంతకంటే సూటిగా అన్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. నువ్వయితే ఆమె మాటను ‘కొందరు వృద్ధులకు నాటకీకరణకూ వాస్తవానికీ తేడా తెలియడం లేదు’ అని రాసేదానివి. నిజం చెప్పు, రాసేదానివా కాదా?

తర్వాత గాలానికి చేప పడింది. నేను తెర వైపు చూడటం మరచిపోయి పెద్దాయన చేతిని చూస్తూ ఉండిపోయాను. కుడి చూపుడువేలు దారం మీద ఉన్నట్టే వంగింది. అక్కడ వేడ్ రీలు వదులు చేస్తే ఇక్కడ ఈ వేలు కొంచెం తెరుచుకుంటోంది, అక్కడ దారం బిగిస్తే ఇక్కడ వేలు ముడుచుకుంటోంది. ఆయన ఒక్కటే మాట అన్నాడు: ‘రాళ్లున్నాయి, దారం కోసుకుపోతుంది.’ చేప ఎంత పెద్దదో ఆయనకు అప్పటికి పట్టలేదు.

ఒడ్డుకు వచ్చింది. గూంచ్ అంటారు అక్కడ. ఆరడుగుల చేప, డెబ్బై కిలోలు దాటిన బరువు. తూచి, అందరికీ చూపించి, వేడ్ దాన్ని మళ్లీ నీళ్లలోకి వదిలేశాడు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఇల్లాలు, ‘వదిలేశాడంటే అది కూరకు పనికిరాదేమో’ అంది. పెద్దాయన బీడీ వెలిగించుకుని, ‘ఆయన ఇంటికి బియ్యం ఇంకెవరో కొంటున్నారు’ అన్నాడు.

నీ వ్యాసంలో ‘పట్టిన చేపను వదలడాన్ని కొందరు మత్స్యకారులు వ్యతిరేకించారు’ అని ఒక ముక్క ఉంది. ఆ పెద్దాయన వ్యతిరేకించలేదు. అంత ఎదిగిన చేపను నీళ్లకు వదలడం ఎందుకో ఆయనకు మనకంటే బాగా తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో ఆయన కొడుకులు పడవ ఒడ్డుకు లాగి, వలలు బాగుచేసుకుంటూ, అప్పు పుట్టే చోటు వెతుక్కుంటూ ఉంటారు. చేపను వదలడానికి ఖర్చవుతుందని తెలిసిన మనిషి అన్న మాట అది. వదలడం తప్పని ఆయన ఎక్కడా అనలేదు, దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో గుర్తుచేశాడంతే. ఇప్పుడు నీ ముక్క పక్కన ఈ మాట పెట్టి చదివి చూడు.

ఇక చూసినవాళ్లు చెప్పినదల్లా చెప్పినట్టే రాయమంటున్నానా? లేదు. మీ ఊరి ఉపాధ్యాయుడొకరు ‘కాళీ నదిలో మనుషులను తినే చేప ఉందని శాస్త్రీయంగా నిరూపించారు’ అన్నారని రాశావు. వెంటనే కింద ‘ఇది అభినందనీయం’ అని నీ కితాబు కూడా చేర్చావు. ఆ ఎపిసోడ్ నిరూపించింది అది కాదు. అంత పెద్ద చేప ఆ నదిలో ఉందన్నది తేలింది. ఒడ్డున దహనాలు జరుగుతాయి కాబట్టి సగం కాలిన శరీరాలకు ఆ చేపలు అలవాటుపడి ఉండవచ్చన్నది ఒక ఊహ, కార్యక్రమం దాన్ని అనుమానంగానే చెప్పింది. చేప చిక్కిన ఉత్సాహంలో ఆ అనుమానం చూసేవాళ్ల చెవిలోంచి జారిపోయింది. కార్యక్రమం ఏమి అంది, చూసినవాళ్లకు ఏమి వినపడింది? ఈ రెంటి మధ్య నువ్వు రాయవలసినది బోలెడంత ఉంది. దానికోసం ఆ ఎపిసోడ్‌ను చేతిలో కాగితం పెట్టుకుని మళ్లీ చూడక తప్పదు. వినోదం పోతుంది. ఏం చేస్తాం, ఈ వృత్తిలో మొదట పోయేది అదే.

ఇంకో ఎపిసోడ్ కూడా చూడు, టెక్సస్‌లో ట్రినిటీ నది మీద తీసినది. అలిగేటర్ గార్ అనే చేప గురించి. మొసలి మూతి, నిండా పళ్లు, చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. మనిషి మీద అది దాడి చేసినట్టు రుజువైన ఘటన ఒక్కటీ లేదు. హాని ఏదైనా ఉంటే దాని గుడ్లు తిన్నవాళ్లకు, అవి విషం. పేరులోనే రాక్షసి అని నింద వేసి, కథ చివరికి ఆ చేపను నిర్దోషిగా వదిలిపెట్టే పద్ధతి ఈ కార్యక్రమంలో తరచూ కనిపిస్తుంది. పేరు చూసి కోప్పడినవాళ్లూ, చివరిదాకా చూసి మెత్తబడినవాళ్లూ నీ దగ్గర ఇద్దరూ ఉన్నారు. కానీ ఒకరు రెండో పేజీలో ఉన్నారు, ఇంకొకరు తొమ్మిదో పేజీలో. పక్కపక్కన కూర్చోబెడితే వాళ్లే మాట్లాడుకుంటారు కదా!

టెక్సస్ అంటే మా మేనల్లుడు గుర్తొచ్చాడు. డాలస్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఈ కార్యక్రమం చూసి గాలం కర్ర కొన్నాడు. అక్కడ గాలం వేయడానికి కూడా లైసెన్సు తీసుకోవాలట, తీసుకున్నాడు. మూడు ఆదివారాలు నది ఒడ్డున కూర్చుని, ఎండకు నల్లబడి, నాకు ఫోను చేసి ‘మామయ్యా, టీవీలో ఈ కూర్చోవడం అంతా ఎక్కడికి పోయింది?’ అన్నాడు. వారాల తరబడి తీసినది కత్తిరించి, ప్రకటనలు పోను ముప్పావు గంటలో కుదిస్తే పోయేది కూర్చోవడమే. గాలం వేయడంలో పదోవంతు మాత్రం చేప, తక్కినదంతా కూర్చోవడం. ఆ లోటును కనిపెట్టినవాడు నా లెక్కలో మంచి ప్రేక్షకుడు. వాడి అభిప్రాయానికి మూడు ఆదివారాలు ఖర్చయ్యాయి మరి.

ప్రయాణం సంగతి నువ్వు దాదాపు వదిలేశావు. ఈ కార్యక్రమాన్ని చేప కోసం కాకుండా ఊళ్ల కోసం చూసేవాళ్లు ఎంతోమంది ఉన్నారు, ముఖ్యంగా ఆడవాళ్లు. మా ఇంట్లోనే ఉన్నారు. కాంగో నది మీద పడవ ప్రయాణం వస్తే మా ఆవిడ కూర గరిటె చేతిలో పట్టుకునే నిలబడిపోయేది. గోలియత్ టైగర్‌ఫిష్ నోరు తెరిచి పళ్లు చూపించే సమయానికి మళ్లీ వంటింట్లో ఉండేది. ఆమె ఫిర్యాదు ఒక్కటే: ‘అన్ని ఊళ్లు తిరుగుతాడు, ఒక్క ఇంట్లో పొయ్యి చూపించడు.’ అక్కడి మనుషులు ఎక్కువగా సాక్షులుగానే కనిపిస్తారు, మచ్చ చూపించి, భయం చెప్పి వెళ్లిపోతారు. ఆ రాత్రి వాళ్లు ఏమి వండుకున్నారో మనకు తెలియదు. పెద్ద పెద్ద విమర్శకులు పేజీలకు పేజీలు రాసే సంగతిని ఆవిడ పొయ్యితో తేల్చేసింది. (ఈ పేరా ఆవిడకు చూపించకు. నా శీర్షికలో సగం తన మాటలేనని ఇప్పటికే అంటూ ఉంటుంది.)

కొన్ని చిన్న దిద్దుబాట్లు. వేడ్‌ను ‘ప్రముఖ యాంకర్’ అన్నావు. ఆయన జంతుశాస్త్రం చదివి, బడిలో జీవశాస్త్రం చెప్పినవాడు. చేపల కోసం మొదటిసారి విదేశం వెళ్లింది మన దేశానికే, 1982లో. కార్యక్రమం యానిమల్ ప్లానెట్‌లో మొదలైంది 2009లో, అంటే అప్పటికే ఆయన యాభై దాటినవాడు. ‘తల నెరిసినవాడు చెబుతున్నాడు కాబట్టి నమ్ముతున్నాను’ అని నీ దగ్గర ఎవరో అన్నారు కదా, దాని పక్కన ఈ సంగతి పెట్టు. 2017లో ఆపేశారు. మరుసటి ఏడాది పెద్ద నదుల మీద ఇంకో కార్యక్రమం చేశాడు, అందులో గంగ కూడా ఉంది. చేప వెనక్కు జరిగి నదుల దుస్థితి ముందుకు వచ్చింది. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ‘ఇందులో చేపలేవీ?’ అని మధ్యలో కట్టేశారు. ఆ కార్యక్రమమూ అడుగుతున్న ప్రశ్న అదే. అలాంటివాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడు.

భాష. ‘పిల్లిచేప’ అని ఆరుచోట్ల రాశావు. ఇంగ్లీషులో క్యాట్‌ఫిష్ అని విని, మాటకు మాట పెట్టావు. గోదావరి మీద ఏ సంతలోనైనా ‘పిల్లిచేప ఎంత?’ అని అడిగి చూడు, నీ ముఖం వంక చూస్తారు. వాలుగ ఉంది, జెల్ల ఉంది, మార్పు ఉంది, ఒక్కోదానికీ దాని పేరు ఉంది. గూంచ్‌ను గూంచ్ అనే రాసి, జెల్లలకు చుట్టమని చెబితే సరిపోతుంది. అలాగే ‘మత్స్య సంపద’, ‘గంగపుత్ర సోదరులు’ లాంటివి మంత్రిగారి ఉపన్యాసానికి వదిలేయి. చేప అను, వల వేసే మనిషి అను.

చివరగా, నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మూడో పేజీ అడుగున ఒక వాక్యం రాసి, దాని మీద గీతలు గీసి కొట్టేశావు. గట్టిగానే కొట్టావు, కాగితం వెనక్కి ముద్ర పడింది. దీపానికి ఎదురుగా పట్టుకుని చదివాను: ‘కార్యక్రమం అయిపోగానే మా పెదనాన్న ఏమీ అనకుండా టీవీ కట్టేసి, పెరట్లోకి వెళ్లి, దండెం మీద వలను చేత్తో తడిమి చూశారు.’ అభిప్రాయం చెప్పలేదు కాబట్టి పనికిరాదని కొట్టేశావేమో. నాకు మాత్రం మిగిలిన పేజీలు చదువుతున్నంతసేపూ మనసు ఆ పెరట్లోనే ఉండిపోయింది. ఆయన వేటకు వెళ్లడం మానేసి ఎన్నాళ్లయింది? ఆ వల అప్పుడు తడిగా ఉందా, ఎండిపోయి ఉందా? కనుక్కుని, ఆ వాక్యం దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు